మంచుకొండ కుర్చీలో ఒట్టి కాళ్లు

మేడ్చల్ బస్టాండు దాటాక, సైకిల్ షాపుకూ పిండి గిర్నీకీ మధ్య మా ఆయన ఫోటో స్టూడియో ఉండేది. గిర్నీ నడుస్తున్నంతసేపూ మా గోడ సన్నగా అదిరేది. అది ఆగేదాకా ఫోటో తీయడానికి లేదు. ముఖాలకు పౌడరు రాసుకుని, తలలు నిటారుగా పెట్టుకుని జనం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లు. పక్కన ఎవరివో మిరపకాయలు పట్టడం ఎంతకీ అయ్యేది కాదు. ఒక్కరు తుమ్మితే చాలు, అందరూ మళ్లీ మొదటి నుంచి సర్దుకోవాలి.

ఆ గదిలో పైకప్పు గర్డరు నుంచి ఒక ఇనుప కుర్చీ వేలాడుతుండేది. చలిదేశాల్లో మంచుకొండల మీదికి మనుషుల్ని తాడు మీద మోసుకుపోయే కుర్చీలుంటాయి చూడండి, వాటికి నకలు అది. మేడ్చల్‌కు అలాంటి కుర్చీతో ఏం పని అని మీరు అడగొచ్చు. ఆయనకు ఆ పిచ్చి నేను రాకముందే పట్టింది. తొంభైల మొదట్లో మా పెళ్లయింది. మూడో నెలలో ఒక ఆల్బం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. అత్తగారి వైపు చుట్టాలుంటారు కాబోలని తెరిచాను. ఒక్క చుట్టమూ లేడు. అన్నీ తాడు కుర్చీలే.

ఆదివారాలు పట్నం పోయి, ఫుట్‌పాత్ మీద అమ్మే పాత ఇంగ్లీషు పత్రికలు, ఏళ్లు దాటిపోయిన విదేశీ క్యాలెండర్లు ఏరుకొచ్చి, వాటిలోంచి కత్తిరించి అంటించిన బొమ్మలవి. ఆయన ఏడుతో చదువు ఆపేశాడు. నేను పది పాసయ్యాను. అందుకని బొమ్మల కింద చీమల్లా ఉండే అక్షరాలు చదివి చెప్పడం నా పని అయింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, పొయ్యి మీద అన్నం మాడుతున్నా వదలకుండా చదివేదాన్ని. కొత్త పెళ్లికూతుర్ని కదా, ఎవరి పిచ్చయినా ముచ్చటగానే ఉంటుంది.

అట్లా ఆ కుర్చీల చరిత్ర మా ఇంటికొచ్చింది. మొదట్లో కుర్చీ లేదు, తాడు మాత్రమే ఉండేది. కొండ కింది నుంచి పైదాకా తిరిగే ఆ తాడును చేతుల్తో పట్టుకుంటే అది మనిషిని ఈడ్చుకుపోయేది. కాళ్లకు పొడుగాటి చెక్కలు కట్టుకుంటారు కాబట్టి మంచు మీద జారుతూ పోయేవాళ్లు. తర్వాత ఆ తాడుకు కర్రలు వేలాడదీశారు. కర్రను నడుం కిందికి ఆనించుకుంటే అదే లాక్కుపోతుంది. ఆ బొమ్మలో ఒక దొరసాని ముఖం చూస్తే జాలేసేది. ఆ తర్వాత వచ్చింది కుర్చీ. వేడిదేశాల్లో ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే కొక్కేల తాడును చూసిన ఒక అమెరికా ఇంజనీరుకు, గెల ఉండే చోట మనిషిని కూర్చోబెడితే పోలేదా అనిపించిందట. ఈ ఒక్క ముక్క చదవడానికి నాకు మూడు రోజులు పట్టింది. చెప్పగానే మా ఆయన పగలబడి నవ్వాడు.

"అంటే గా కుర్చీల కూసున్నోడు అరటిగెల అన్నట్టు!"

తొలినాటి కుర్చీలు ఒంటి మనిషివి. చెక్క పలకలు, వంపు తిరిగిన ఒకే ఒక్క ఇనుప గొట్టం. ఆ నలుపు తెలుపు ఫోటోల్లో మనుషులు భుజాల నుంచి మోకాళ్ల దాకా మందపాటి దుప్పటి లాంటిది కప్పుకుని ఉంటారు. కింద ఎక్కేచోట పనివాళ్లు కప్పి పంపితే, పైన దిగేచోట విప్పి తీసుకునేవాళ్లట. తర్వాత ఇద్దరు కూర్చునేవి వచ్చాయి. కాళ్లు పెట్టుకోవడానికి కమ్మీ వచ్చింది. రంగుల ఫోటోలు వచ్చాక మనుషులు నవ్వడం మొదలుపెట్టారు. ఆయన ఆ బొమ్మల్ని పాతవి ముందు, కొత్తవి వెనక అంటించాడు. ఏది పాతదో ఎట్లా తెలుస్తుందని అడిగితే, "టోపీలు సూడు, తెలుస్తది" అన్నాడు.

"ఎన్నడన్న పోదామా గాడికి?" అని ఒకసారి అడిగాను.

"పోయి ఏం జేస్తమే? సలికి సస్తం. గాడికి పోలేనోళ్లకు గీడనే సూపిద్దాం."

కుర్చీ మచ్చ బొల్లారంలో పాత ఇనుము దుకాణంలో దొరికింది. జాతరల్లో తిప్పే జెయింట్ వీల్‌కు ఉండే సీటు అది. ఆటోలో వేసుకొచ్చాడు. వెల్డింగు అతని పక్కన కూర్చుని, ఆల్బం తెరిచి చూపిస్తూ, వంపు గొట్టం పెట్టించాడు, పలకలు మార్పించాడు, కాళ్ల కమ్మీ తీయించేశాడు. కాళ్లు గాలిలో వేలాడితేనే పాతకాలపు కుర్చీ అనిపిస్తుందని ఆయన వాదన. గర్డరుకు ఎక్కిస్తున్నప్పుడు గొలుసు జారి కుర్చీ ఆయన కుడికాలు మీద పడింది. బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. శామీర్‌పేట నుంచి మా అత్త బస్సులో వచ్చి, పసుపు, వేడినూనె పెట్టి కట్టు కట్టింది. వారం రోజులు రోజూ వచ్చి కట్టు విప్పి చూసి, తిట్టి, మళ్లీ కట్టి పోయేది. తర్వాత గోరు మొలిచింది కానీ పక్కకు వంగి, మందంగా, నల్లగా మొలిచింది.

వెనక పర్దా మీద మంచుకొండలు వేయడానికి సినిమా కటౌట్లు వేసే పెయింటర్ వచ్చాడు. కొండలు బాగా వేశాడు. చెట్లు వేయమంటే మాత్రం వరసగా తాటిచెట్లు వేశాడు. మంచులో తాటిచెట్లేమిటయ్యా అంటే, "చెట్టంటే గదే గదన్నా" అన్నాడు. అన్నీ చెరిపించి, ఆల్బంలోని సూదిమొనల చెట్లు వేయించాడు. మూలన ఒక తాటిచెట్టు మాత్రం రంగు తక్కువై మిగిలిపోయింది. ఎంత చెరిపినా లోపలి నుంచి కనిపించేది. కుర్చీలో కప్పుకోవడానికి దుప్పటి కావాలి కదా. మా అత్త దగ్గర గొర్రెబొచ్చు గొంగడి ఉంటే అడిగి తెచ్చాడు. నల్ల గొంగడి కప్పుకుని, మంచుకొండ ముందు, తాడుకుర్చీలో మా మొదటి గిరాకీ కూర్చున్నప్పుడు గొర్రెలు కాసి వచ్చి కూర్చున్నట్టే ఉంది. నేను నవ్వు ఆపుకోలేక గిర్నీలోకి పారిపోయాను.

కానీ జనం వచ్చారు. కొత్తగా పెళ్లయినవాళ్లు, శామీర్‌పేట చెరువు మీద చేపలు పట్టే ఇళ్లవాళ్లు, బౌరంపేట్ నుంచి కూలిపనికి వచ్చేవాళ్లు, కండ్లకోయ కాలేజీ పిల్లలు. ఒకే ఒక్క దానితో ఆయన పరేషాన్ అయ్యేవాడు. అందరూ చెప్పులు విప్పేసేవాళ్లు. మొదట ఒక ముసలామె వచ్చింది. పర్దాను చూడగానే గుమ్మం బయటికి పోయి చెప్పులు విడిచి, లోపలికొచ్చి దండం పెట్టింది. మంచుకొండ అంటే కైలాసం, కైలాసం అంటే శివుడు. ఆమెను చూసి వెనకున్నవాళ్లూ విప్పారు. ఆ తర్వాత అదే మా స్టూడియో పద్ధతి అయిపోయింది. ఆయన ఎవరినో బతిమాలి రెండు జతల బూట్లు తెచ్చిపెట్టాడు. ఒక్కరూ తొడుక్కోలేదు.

"గుట్ట మీద దేవుడుండంగ సెప్పులతోని ఎట్ల కూసుంటమయ్యా? కండ్లు పోతయి," అనేవాళ్లు.

అట్లా వందలమంది ఒట్టి కాళ్లతో మంచుకొండ ఎక్కారు. మెట్టెలు, పట్టీలు, పసుపు, పగిలిన మడమలు, చెరువు బురద పూర్తిగా పోని వేళ్లు. ఆల్బంలో దొరల కాళ్లకు పొడుగు చెక్కలుంటే మావాళ్ల కాళ్లకు ఏమీ లేవు. మొదట్లో విసుక్కున్న మనిషి క్రమంగా ఆ కాళ్ల మీద ఇష్టం పెంచుకున్నాడు. ముఖాలు అందరూ ఫోటో కోసం మారుస్తారు, కాళ్లను మార్చడం ఎవరికీ చేతకాదు అనేవాడు.

ఒక వానాకాలం మధ్యాహ్నం గొడుగు లైటు కొత్తది వచ్చింది. వెలుతురు ఎట్లా పడుతుందో చూడాలి. గిరాకీ ఎవరూ లేరు. నా చేతికి కెమెరా ఇచ్చి తనే కుర్చీలో కూర్చున్నాడు. కూర్చునే ముందు చెప్పులు విప్పాడు.

"ఇగ నువ్వు గూడనా?" అన్నాను.

"అలవాటైందే. నువ్వు జల్దీ తియ్యి. కాళ్లు మొత్తం రావాలె. కాళ్ల కింద జాగ గూడ రావాలె. అప్పుడే గాలిల ఉన్నట్టు కొడ్తది."

నేను అప్పటిదాకా కెమెరా పట్టలేదు. కాళ్లు చూశాను. కాళ్ల కింద జాగా చూశాను. ఇంకా కిందికి, ఇంకా కిందికి అని ఆయన కుర్చీలోంచి అరుస్తున్నాడు. చెప్పినట్టు కెమెరా దించుతూ పోయి నొక్కాను. నాలుగు రోజులకు కలర్ ల్యాబ్ నుంచి ఫోటోలు వచ్చాయి. కాళ్లు బ్రహ్మాండంగా వచ్చాయి. కింద జాగా వచ్చింది. గొంగడి, పిడికిట్లో గొట్టం, మూలన తాటిచెట్టు, అన్నీ వచ్చాయి. గడ్డం కొసతో ఫోటో ఆగిపోయింది. తల లేదు.

నాకు సిగ్గేసింది. ఆయన మాత్రం గిర్నీవాళ్లకు కూడా చూపించి నవ్వాడు. ఆల్బంలో ఆఖరి పేజీలో, విదేశాల కుర్చీలన్నిటి తర్వాత దాన్ని అంటించాడు.

"చింపెయ్యి, ఇంకోటి తీస్త," అన్నాను.

"తలకాయదేముందే, ఎప్పుడన్న తీసుకోవచ్చు. కాళ్లు గిట్ల మళ్ల రావు."

అది జరిగిన ఆరేళ్లకనుకుంటా. ఒక పొద్దున పెళ్లి ఫోటోల రీళ్లు ల్యాబ్‌లో ఇవ్వడానికి మోపెడ్ మీద బయల్దేరాడు. కండ్లకోయ దగ్గర లారీ. అంతకంటే రాయడానికి ఏమీ లేదు. పోలీసులు సంచీ తెచ్చి ఇచ్చారు. అందులో ఐదు రీళ్లున్నాయి, ఒక్కదానికీ ఏమీ కాలేదు. మూడో రోజు నేను చేసిన మొదటి పని ఆ రీళ్లు కడగడానికి పంపడం. పెళ్లివాళ్లు ఎదురుచూస్తారు కదా అనిపించింది. ఫోటోలు వచ్చాక ఒక్కొక్కటే చూశాను. పెళ్లికొడుకు తల ఉంది, పెళ్లికూతురి తల ఉంది. అందరి తలలూ సరిగ్గా ఉన్నాయి. నాకు ఏడుపు రాలేదు. చేతిలో ఏదో పని ఉంది, అది అయిపోతే ఇంకో పని ఉంటుంది, అంతే అనిపించింది.

పదకొండో రోజు దినానికి దండ వేయడానికి ఫోటో కావాలి. ఇల్లంతా వెతికాం. ఊళ్లో అందరి ఫోటోలూ ఉన్నాయి, ఆయనది లేదు. తనకు పాస్‌పోర్టు ఫోటో అవసరం ఎప్పుడూ రాలేదు. ఓటరు కార్డుల ఫోటోలు తీసిన రోజు ఆయనే కెమెరా వెనకున్నాడు, సాయంత్రానికి తన వంతు సంగతి మరిచిపోయాడు. మిగిలింది మా పెళ్లి ఆల్బం. అందులో అన్నిట్లోనూ నుదుటికి బాసింగం. బాసింగం కట్టుకున్న మనిషికి చావు దండ ఎట్లా వేస్తారని పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. ఇక తల లేని ఫోటో ఒకటి ఉంది. దాని సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆ మనిషిని ఫోటో తీసే అవకాశం నాకు జన్మలో ఒక్కసారి వచ్చింది. అప్పుడు నేను కాళ్లు చూస్తూ నిలబడ్డాను. నా మీద నాకు పుట్టిన కోపం ఎంతంటే, అది తప్ప ఇంకేమీ లోపలికి రాలేదు.

సికింద్రాబాద్‌లో ఫోటోలు పెద్దవి చేసి రంగులద్దే ఆయన ఉండేవాడు. చనిపోయినవాళ్ల ఫోటోలన్నీ మా ఆయన అతని దగ్గరికే పంపేవాడు. అతను మా పెళ్లి ఫోటో తీసుకుని, బాసింగం తీసేసి, దాని వెనక ఏ నుదురు ఉంటుందో తనే ఊహించి వేశాడు. కనుబొమలు దిద్దాడు. కింద కోటు తొడిగాడు, టై కట్టాడు. మా ఆయన జన్మలో కోటు వేసుకోలేదు. ఫ్రేము కట్టిన ఫోటో చూసి వచ్చినవాళ్లంతా అచ్చం ఆయనే అన్నారు. మా అత్త కర్ర ఊతంతో దగ్గరికి పోయి, కండ్లద్దాలు పైకెత్తి, కిందికి దించి చూసింది.

"గీ పిలగాడెవలు బిడ్డా?" అంది.

కొడుకు పోయి మతి చలించిందని ఎవరో ఆమెను పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టారు. ఆమె అడిగిందే నాకూ తోచింది.

నెల తిరిగాక స్టూడియో తెరిచాను. వేరే పని రాదు. కెమెరా పట్టడం చూసీచూసీ నేర్చుకున్నదే. మాకు పిల్లలు లేరు, ఇంట్లో కూర్చుంటే గోడలు చూడాలి. గిర్నీ ఆగేదాకా ఆగడం, గొంగడి దులపడం, గెలల్ని కుర్చీలో కూర్చోబెట్టడం. గెల అన్న మాట మనసులో అనుకునేదాన్ని కానీ నవ్వు వచ్చేది కాదు. ఒకటి మాత్రం జరిగేది. నేను తీసిన ప్రతి ఫోటోలోనూ తల పైన జానెడు ఖాళీ ఉండేది. ఎవరి తలా పోకూడదని జాగ్రత్త. మనుషులు ఫ్రేములో కిందికి జారిపోయి, పైన అంతా మంచు ఆకాశమే ఉండేది.

"అక్కా, పైన గంత జాగెందుకు? మేం గింతంత వచ్చినం," అని గిరాకీలు గొణిగేవాళ్లు.

"మంచుకొండ పెద్దగుంటది," అని చెప్పేదాన్ని.

పక్కవాళ్లు నా గురించి రకరకాలుగా అనుకున్నారు. కన్నీటిచుక్క రాల్చలేదట, నెలకే షట్టరు ఎత్తిందట. అనుకోనీ. తిట్లు కూడా ఎక్కడో దూరంగా, వేరేవాళ్లను తిడుతున్నట్టే వినిపించేవి. అన్నం తింటే రుచి ఉండేది కాదు, ఉప్పెక్కువైనా తెలిసేది కాదు. రోజూ పొద్దున ఆ కోటు మనిషికి అగరొత్తి వెలిగించేదాన్ని. ఎవరింట్లోనో పనిచేసి వస్తున్నట్టు ఉండేది.

ఏడాది వచ్చింది. సంవత్సరీకానికి ముందురోజు ఫోటోను తుడుద్దామని గోడ మీద నుంచి దించాను. ఎదురుగా పెట్టుకుని చాలాసేపు చూశాను. ఆ నుదురు నాకు తెలియదు. ఆ కనుబొమలు నాకు తెలియవు. లేచి బీరువాలోంచి ఆల్బం తీశాను. తాడు పట్టుకున్నవాళ్లు, కర్ర ఆనించుకున్న దొరసాని, దుప్పట్ల ఒంటి కుర్చీలు, టోపీలవాళ్లు, నవ్వేవాళ్లు. ఆఖరి పేజీ వచ్చింది. ఏడాదిలో మొదటిసారి దాన్ని చూశాను. పోస్టుకార్డంత ఫోటో. జాగ్రత్తగా ఊడదీసి, కోటు మనిషిని ఫ్రేములోంచి తీసేసి, ఆ పెద్ద ఫ్రేము మధ్యలో ఈ చిన్న ఫోటో పెట్టి మేకు బిగించాను. తిట్టేవాళ్లు తిడతారని తెలుసు. కొడుకు తల నరికిన ఫోటోను గోడకు పెట్టిందని మా అత్త ఇల్లు పీకి పందిరేస్తుందనీ తెలుసు. ఆమె ఒక్కతి తిడితే మాత్రం తట్టుకోలేనని భయమేసింది. ఏడాదిలో నాకు కలిగిన మొదటి భయం అది.

మర్నాడు పొద్దున్నే అత్త బస్సు దిగి వచ్చింది. చుట్టాలు ఇంకా రాలేదు. కాళ్లు కడుక్కుని తిన్నగా ఫోటో దగ్గరికి పోయింది. నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను.

కండ్లద్దాలు పైకెత్తింది, దించింది. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగింది. ముందు గొంగడి మీద వేలు పెట్టింది. వేలు మెల్లగా కిందికి దిగింది. కుడికాలి బొటనవేలి దగ్గర ఆగింది. వంగిపోయిన ఆ నల్లగోరును అద్దం మీద నుంచే రుద్దింది, కట్టు విప్పి చూసినప్పటిలా.

"వచ్చినవా నాయినా," అంది. "ఇంక నొస్తుందారా?"

తర్వాత నా వైపు తిరిగింది. తల ఏదని అడగలేదు.

"పసుపు తే పిల్లా. నూనె గూడ జెర వెచ్చజెయ్యి."

నేను పోయి పొయ్యి వెలిగించాను. గిన్నెలో నూనె పోశాను. అది వేడెక్కిందో లేదో చూద్దామని వేలు పెట్టాను. చుర్రుమంది. అప్పుడు వచ్చింది ఏడుపు. పక్కన గిర్నీ నడుస్తోంది, గోడ అదురుతోంది. అది ఆగేదాకా ఆగలేదు నేను.